మెహర్ కాగితంలో, కట్నం చేతిలో

(సర్వమత సదస్సులో ‘మతాల మధ్య సఖ్యత – పెళ్లిలో సమానత్వం’ అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



  

నేను 35 ఏళ్లు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత మన సంఘం లెక్కల పుస్తకం నా చేతికొచ్చింది. 11 ఏళ్లుగా రాస్తున్నాను. ఉపన్యాసం కంటే లెక్క రాయడమే నాకు అలవాటు. అందుకని ఈ రోజు కూడా ఒక లెక్క గురించే మాట్లాడతాను. పెళ్లి పేరుతో ఆడపిల్లకు మనమందరం బాకీ పడ్డ లెక్క అది.

మా వసారాలో జరిగిన సదస్సు

1966లో మా అబ్బా పోయారు. అప్పటికి నాకు పన్నెండేళ్లు. గోదావరి గట్టుకు దగ్గర్లో మాది పెంకుటిల్లు. జనాజా లేపడానికి మగవాళ్లంతా బయట సిద్ధంగా ఉన్నారు. అంతలో బంధువుల్లో ఒక పెద్దావిడ లోపలికి వెళ్లి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. “మెహర్ మాఫ్ చేశానని చెప్పు తల్లీ, ఆయన మీద భారం ఉండకూడదు” అంది. అమ్మ ఏడుస్తూనే తలూపింది. “నోటితో అనాలి” అన్నారు పక్కనున్నవాళ్లు. అమ్మ అంది. ఆ మాట బయటికి చేరాకనే జనాజా లేచింది.

అమ్మ నికాహ్ 1950లో జరిగింది. మెహర్ 251 రూపాయలు. ఆ ఏడు దానికి రెండు తులాల బంగారం వచ్చేది. పదహారేళ్ల కాపురంలో అబ్బా ఆ సొమ్ము ఇవ్వలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. ఇవ్వాలని ఆయనకూ, అడగవచ్చని అమ్మకూ ఎవరూ చెప్పలేదు. మెహర్ అంటే తలాఖ్ జరిగితే ఇచ్చేదని ఊళ్లో అందరూ అనుకునేవారు. ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటున్నారు.

మా పక్కిల్లు ఒక బ్రాహ్మణ కుటుంబానిది. ఆ ఇంటి ఆడపడుచుని మేము పిన్నిగారు అని పిలిచేవాళ్లం. పదహారేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా ఇంటికి వచ్చే నాటికి ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. అమ్మ ఇద్దత్‌లో ఉన్న నాలుగు నెలల పది రోజులూ సాయంత్రంపూట మా వెనక వసారాలోకి వచ్చి కూర్చునేది. ఒకరోజు అడిగింది.

“వదినా, ఆ రోజు నీ చేత ఏదో మాఫీ చేయించారు. ఏమిటది?”

అమ్మ చెప్పింది.

“అంటే ఆయన నీకు బాకీ ఉన్నారు. ఉన్నవాళ్లు తీర్చాలి గానీ, నువ్వెందుకు వదులుకోవాలి?”

అమ్మ దగ్గర జవాబు లేదు. కాసేపు ఆగి, “మీలో ఇలాంటి బాకీ ఉండదా పిన్నీ?” అంది. మమ్మల్ని చూసి అమ్మ కూడా ఆవిడను పిన్నీ అనే పిలిచేది.

“మాకసలు లెక్కే రాయరు వదినా” అంది ఆవిడ. తర్వాత మెల్లగా, “మీలోనే నయం. గడువు తీరాక మళ్లీ పెళ్లి చేసుకోవచ్చట. నాకు ఆ మాట అన్నవాళ్లే లేరు” అంది.

రెండేళ్ల తర్వాత మా మామయ్య అమ్మకు ఒక సంబంధం తెచ్చాడు. బంధువులంతా కూర్చుని, పిల్లలు ఎదుగుతున్నారు, ఇప్పుడెందుకు, నలుగురూ ఏమనుకుంటారు అన్నారు. అల్లా తెరిచి ఉంచిన తలుపును మావాళ్లు మూశారు. అమ్మను ఒక్క మాటైనా అడగలేదు.

నేను ఆ తర్వాత ఎన్నో సదస్సులు చూశాను. మతాల మధ్య సంభాషణ అంటే నాకు మాత్రం ఆ వసారాయే గుర్తొస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు. ఒకరి మతంలో ఉన్న మంచిని రెండోవారు చూశారు. ఆ మంచి తమ ఇంట్లో తమ చేతికి అందలేదని ఇద్దరికీ తెలిసింది. ఎవరి మతం గొప్పదని వాళ్లు వాదించుకోలేదు.

అవతలి ఒడ్డున జరిగిన పెళ్లి

పిన్నిగారి మాట తలుచుకున్నప్పుడల్లా నాకు అవతలి ఒడ్డు కనిపిస్తుంది. మన కొవ్వూరు గట్టు మీద నిలబడితే ఎదురుగా రాజమహేంద్రవరం. అక్కడే 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. కలకత్తాలో రాసిన ఆ చట్టం గోదావరి ఒడ్డుకు నడిచి రావడానికి 25 ఏళ్లు పట్టింది.

ఆ పెళ్లికి వంటవాళ్లు రామన్నారు. నీళ్లు మోసేవాళ్లు రామన్నారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే వంటకు దిగారు, గోదావరి నుంచి తానే నీళ్లు మోశారు. చేయించిన ఆయన పేరు అందరికీ తెలుసు. నీళ్లు మోసిన ఆవిడ పేరు మన పిల్లలకు తెలియదు. ఇక దాతల సభ కాబట్టి ఇంకో పేరు కూడా చెప్పాలి. ఆ ఉద్యమానికి డబ్బు పెట్టి వెనక నిలబడ్డవారు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు. ఆయన సాయం లేకపోతే పంతులుగారి సంకల్పం కాగితం మీదే ఉండిపోయేదేమో. దాత ఇచ్చే రూపాయి ఆచారాన్ని నిలబెట్టనూ గలదు, మార్చనూ గలదు. ఈ మాటకు చివర్లో మళ్లీ వస్తాను.

మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం మొదటి పెళ్లి ఎవరితో జరిగిందో మనకు తెలుసు. హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా వితంతువు. సొంతంగా వ్యాపారం చేసే మహిళ. పెళ్లి ప్రస్తావన ఆమె వైపు నుంచే వచ్చింది. పంతులుగారు ఊరందరితో పోట్లాడి సాధించిన దాన్ని మనం పుట్టుకతోనే పొందాం. పొంది ఏం చేశామన్నదే ప్రశ్న. మా అమ్మ విషయంలో మావాళ్లు చేసింది చెప్పాను. పిన్నిగారికేమో పంతులుగారి పెళ్లి జరిగి అరవై ఏళ్లు దాటినా, ఆ పెళ్లి కబురు నది దాటి రాలేదు.

ఏ ఇంటి బాకీ ఆ ఇంటిది

నేను ఒక మతాన్ని పొగడటానికో, ఇంకో మతాన్ని తక్కువ చేయడానికో రాలేదు. ఏ ఇంటి బాకీ ఆ ఇంటికుంది. చట్టాల పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది.

క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. దాని ప్రకారం భర్త విడాకులు కోరితే భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. అదే భార్య కోరితే వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో ఇంకోటి కూడా రుజువు చేయాలి. ఈ తేడా పోవడానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ నుంచి వచ్చింది. దేశమంతటికీ రావడానికి 2005 అయింది.

మనకైతే ఖురాన్ పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఆస్తిలో ఆడవాళ్లకు వాటా రాసింది. పిల్లలున్న భార్యకు భర్త ఆస్తిలో ఎనిమిదో వంతు, పిల్లలు లేకపోతే నాలుగో వంతు. పంపకానికి ముందే అప్పులు తీర్చాలి. మెహర్ కూడా అప్పే. ఇదంతా మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లెలి చేత హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టిస్తాం. పండక్కి చీర పెట్టి సరిపెడతాం. కాబట్టి ఒకరికి చట్టంలో లోటు ఉంది, ఒకరికి ఆచరణలో లోటు ఉంది. ఆడపిల్లకు చేరేసరికి రెండూ ఒకటే.

ఇంటివాళ్లు దిద్దుకోకపోతే

మనం దిద్దుకోనిదాన్ని బయటివాళ్లు దిద్దుతారు. అప్పుడు బాధపడి లాభం లేదు. ఒక్క గుక్కలో మూడు తలాఖ్‌లు చెప్పడం తప్పని మన ఉలమాలే చెబుతూ వచ్చారు. తప్పు గానీ చెల్లుతుందన్నారు. చెల్లినన్నాళ్లు ఎంతమంది ఆడపిల్లలు రాత్రికి రాత్రి పుట్టింటికి వచ్చారో మనకు తెలుసు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ ధర్మాసనంలో ఐదుగురు న్యాయమూర్తులు. ఒకరు సిక్కు, ఒకరు క్రైస్తవుడు, ఒకరు పార్సీ, ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. ఆ ముస్లిం న్యాయమూర్తి జస్టిస్ అబ్దుల్ నజీర్ గారు 2023లో మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చారు. తీర్పు 3–2తో వచ్చింది. ఆయన ఆ రోజు మైనారిటీ తీర్పులో ఉన్నారు. కొట్టివేసిన ముగ్గురిలో క్రైస్తవుడైన జస్టిస్ కురియన్ జోసెఫ్ గారు చెప్పిన కారణం నన్ను కదిలించింది. ఈ పద్ధతి ఖురాన్‌కే విరుద్ధం, కాబట్టి షరీఅత్‌లో భాగం కాలేదు అని ఆయన తేల్చారు. మన ఖురాన్ ఏం చెబుతోందో చదవడానికి ఒక క్రైస్తవ సోదరుడు కూర్చోవలసి వచ్చింది.

తర్వాత 2019లో చట్టం వచ్చింది. అలా తలాఖ్ చెప్పినవాడికి మూడేళ్ల దాకా జైలు. ఆ చట్టం మంచి చెడ్డల మీద మనలో చాలామందికి అభ్యంతరాలున్నాయి, నాకూ ఉన్నాయి. అయితే ఒకటి అడుగుతాను. మన జమాఅత్‌లే ముప్ఫై ఏళ్ల ముందు, మా మహల్లాలో ఇలాంటి తలాఖ్ చెల్లదు అని తీర్మానం చేసి ఉంటే ఇంతదాకా వచ్చేదా?

హద్దు దాటిన పెళ్లిళ్లు

మతాలు పక్కపక్కన బతికే చోట పిల్లలు ఒకరినొకరు ఇష్టపడటం ఎప్పుడూ ఉంటుంది. సర్వమత సదస్సుల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. నేను ఎత్తుతాను.

1872 నాటి సివిల్ వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ణి కాను అని రాసివ్వాల్సి వచ్చేది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఆ బాధ తీసేసింది. ఎవరి మతంలో వాళ్లు ఉండి పెళ్లి చేసుకోవచ్చు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అలా చేసుకున్న ముస్లింకు ఆస్తి పంపకంలో షరీఅత్ వర్తించదు, భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఇవన్నీ తెలిసి ఎంచుకుంటే అది వాళ్ల నిర్ణయం.

మన షరీఅత్ ఆ పెళ్లిని నికాహ్ అనకపోవచ్చు. ఆ మాట తల్లిదండ్రులు పిల్లలకు చెప్పవచ్చు, బతిమాలవచ్చు, బాధపడవచ్చు. అంతవరకే. 2022 మే 4న హైదరాబాద్ సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ణి చంపేశారు. మన అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడన్నదే కారణం. పోలీసులు ఆ అమ్మాయి అన్నను, ఇంకో బంధువును అరెస్టు చేశారు. అప్పుడు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ గారు సభలో నిలబడి ఇది రాజ్యాంగం ప్రకారమూ నేరమే, ఇస్లాం ప్రకారమూ ఘోర నేరమే అని ఖండించారు. ఆ మాట ప్రతి మసీదులోనూ వినిపించవలసింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2018లో మిర్యాలగూడలో అమ్మాయి తండ్రే కిరాయి ఇచ్చి అల్లుణ్ణి చంపించాడు. అక్కడ అడ్డొచ్చింది మతం కాదు, కులం. రెండు చోట్లా అమ్మాయి ‘నాకిష్టం’ అన్న మాటే ఇంటివాళ్లకు నేరమైంది.

ఆమె ఇష్టానికి మన ధర్మంలో ఎంత విలువ ఉందో బరీరా కథ చెబుతుంది. ఆమె దాస్యం నుంచి విడుదలైన స్త్రీ. భర్త ముగీస్‌తో ఉండనని వచ్చేసింది. అతను వీధుల్లో ఏడుస్తూ ఆమె వెంట తిరిగేవాడు. ప్రవక్త జాలిపడి, అతని దగ్గరికి వెళ్లవచ్చు కదా అని ఆమెకు చెప్పారు. ఇది మీ ఆజ్ఞా అని అడిగిందామె. కాదు, సిఫార్సు మాత్రమే అన్నారాయన. అయితే నాకు అతను అక్కర్లేదు అంది. ప్రవక్త సిఫార్సునే ఒక పేద స్త్రీ కాదనగలిగింది. ఆయన ఆమెను ఏమీ అనలేదు. మరి మన ఇంట్లో మామయ్య సిఫార్సు కాదంటే ఏమవుతుంది?

దీనికి రెండో వైపు కూడా ఉంది. రెండో పెళ్లి కోసం కలిమా చదివి పేరు మార్చుకునేవాళ్లు ఉన్నారు. 1995లో సరళా ముద్గల్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి రెండో పెళ్లి చెల్లదంది. మొదటి భార్య హిందూ స్త్రీ, అన్యాయం ఆమెకు జరిగింది. మన కలిమాను పెళ్లి టికెట్టుగా వాడుకున్నందుకు అవమానం మనకు జరిగింది. ఇక్కడ హిందూ సోదరుల ఫిర్యాదూ మన ఫిర్యాదూ ఒకటే. కాజీ గారు రిజిస్టర్ తెరిచేముందు ‘ఇంతకుముందు పెళ్లయిందా’ అని గట్టిగా అడగడంలో ఎవరి మతమూ పోదు.

మనం అడిగే చోటు

పెళ్లిలో సమానత్వం అనగానే ఇప్పటి కుర్రాళ్లకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. స్వలింగ వివాహం. ఈ సభలో దాన్ని తప్పించుకుని పోవచ్చు గానీ, తప్పించుకోను. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఆ కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌లో ఉంటున్న ఇద్దరు యువకులే. ప్రత్యేక వివాహ చట్టంలో తమకూ చోటివ్వమని అడిగారు. జమీయతె ఉలమాయె హింద్ వ్యతిరేకించింది. పెళ్లి చేసుకునే ప్రాథమిక హక్కు రాజ్యాంగంలో లేదనీ, చట్టం మార్చడం పార్లమెంటు పని అనీ ఐదుగురు న్యాయమూర్తులూ చెప్పారు. అయితే వాళ్ల రోజువారీ ఇబ్బందులను చూడటానికి కమిటీ వేస్తామని కేంద్రం ఇచ్చిన మాటను నమోదు చేశారు.

నా విశ్వాసాన్ని నేను దాచను. నికాహ్ స్త్రీపురుషుల మధ్య ఒప్పందమనే నేను నమ్ముతాను. పాస్టరు గారూ వేరే మాట చెప్పరనుకుంటాను. కానీ మసీదులోనో చర్చిలోనో పెళ్లి చేయమని వాళ్లు అడగలేదు. అందరిదీ అయిన చట్టంలో చోటు అడిగారు. మన నికాహ్‌కూ మన పర్సనల్ లాకూ ఈ దేశంలో చోటుండాలని రోజూ అడిగేవాళ్లం మనం. మెజారిటీకి నచ్చకపోయినా మా పద్ధతి మాకుండాలి అన్నది మన వాదన. ఆ వాదన చేసే నోటితో ఇంకొకరిని ఎగతాళి చేయకూడదు. ఒప్పుకోకపోవడం వేరు, అవమానించడం వేరు. ఇంట్లోంచి వెళ్లగొట్టిన పిల్లవాడు జ్వరంతో మన సంఘం గుమ్మంలో నిలబడితే మందు ఇచ్చేముందు మనం ఏమీ అడగం. ఎప్పుడూ అడగలేదు. ఆ అలవాటు మార్చుకోవద్దు.

వేరువేరు నమ్మకాలవాళ్లు కలిసి బతకడం ఈ నేలకు కొత్త కాదు. పిఠాపురం ఉమర్ అలీషా గారు తెలుగులో కావ్యాలు, నాటకాలు రాశారు. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగులోకి అనువదించారు. ఎవరి మతం వాళ్లు విడిచిపెట్టలేదు, పక్కవాడి మతాన్ని చదవడం మానలేదు. 2022లో జిల్లాలు మారినప్పుడు మన కొవ్వూరు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి వెళ్లింది. కాగితం మీద గీత మారింది. పక్కిల్లు పక్కిల్లుగానే ఉంది.

మన పుస్తకంలో రెండు పేజీలు

ఇక దాతలతో చెప్పవలసిన మాట. నేను సిగ్గుతో చెబుతున్నాను.

కొన్నేళ్ల కింద ఒక పేదింటి అమ్మాయి పెళ్లికి మన సంఘం 25,000 రూపాయలు ఇచ్చింది. పుస్తకంలో ‘వివాహ సహాయం’ అని నా చేత్తోనే రాశాను. ఆ సొమ్ము పెళ్లికొడుకు మోటార్ సైకిల్‌కు వెళ్లిందని తర్వాత తెలిసింది. నికాహ్‌నామాలో మెహర్ 11,000, అదీ తర్వాత ఇచ్చేలా. రెండేళ్లకు ఆ అమ్మాయి ఒళ్లో బిడ్డతో తిరిగొచ్చింది. మెహర్ రాలేదు. అదే పుస్తకంలో ఇంకో పేజీలో అదే పేరుకు ఎదురుగా ‘కుట్టు మిషను’ అని మళ్లీ నేనే రాశాను. మొదటి పేజీలో మనం చేసిన సాయం తప్పు దారిన పోయింది కాబట్టి రెండో పేజీ రాయవలసి వచ్చింది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ముస్లింలకూ వర్తిస్తుంది. మెహర్ కట్నం కాదని ఆ చట్టమే విడిగా చెప్పింది. కట్నం తీసుకోవడం ఒక్కటే కాదు, ఇవ్వడమూ, ఇవ్వడానికి తోడ్పడటమూ నేరమే. కనీసం ఐదేళ్ల జైలు. తోడ్పడటం అంటే ఏమిటో ఆ మోటార్ సైకిల్ తలుచుకుంటే నాకు అర్థమైంది. చట్టం సంగతి అలా ఉంచండి. జకాత్ పేదల సొమ్ము. కట్నం తీసుకునే పెళ్లికొడుకు ఆ పేదల జాబితాలో ఎక్కడున్నాడు?

మెహర్ భర్త భార్యకు ఇచ్చేది. కట్నం ఆమె ఇంటినుంచి అతని ఇంటికి వెళ్లేది. అల్లా పెట్టిన దారిని మనం అటూ ఇటూ తిప్పేశాం. మెహర్ కాగితంలో ఉండిపోయింది, కట్నం చేతికి అందింది. ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. హిందూ సోదరుల ఇళ్లలో, క్రైస్తవ సోదరుల ఇళ్లలో ఇదే జబ్బు. మిగతా విషయాల్లో మన దారులు వేరైనా కట్నం దగ్గర అందరం ఒక్కటయ్యాం. సర్వమత ఐక్యత ఇలా రాకుండా ఉండవలసింది.

అందుకని మన సంఘం ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను. దాతలు ఒప్పుకుంటేనే ఇవి జరుగుతాయి.

మొదటిది. పెళ్లి సాయం ఇక మీదట అమ్మాయి సొంత బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. నికాహ్‌నామా నకలు, వివాహ రిజిస్ట్రేషన్ చూపించాక వెళ్లాలి. మన రాష్ట్రంలో పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. రేపు మెహర్‌కైనా, మనోవర్తికైనా, వారసత్వానికైనా ఆ కాగితమే ఆధారం.

రెండోది. మన సంఘం సాయం చేసే ప్రతి నికాహ్‌లో మెహర్ బంగారంలో రాయాలి, ఇన్ని గ్రాములని. దాన్ని వలీమా భోజనాలకు ముందే అమ్మాయి చేతిలో పెట్టాలి. అబ్బాయి పేదవాడైతే అర గ్రామే రాయండి. రాసింది ఇవ్వండి. మా అమ్మ 251 రూపాయలు రెండు తులాల బంగారం విలువ నుంచి ఎక్కడికి దిగిపోయాయో మీరే లెక్క వేసుకోండి.

మూడోది. వకీలు, సాక్షులు లోపలికెళ్లి ‘ఒప్పుకున్నావా అమ్మా’ అని అడుగుతారు. చుట్టూ ఇరవైమంది ఉంటారు. పక్కనుంచి ఎవరో ‘హా’ అంటారు. అది ఆమె ఒప్పుకోవడం కాదు. పెళ్లికి వారం ముందే మన సంఘం మహిళలు ఇద్దరు వెళ్లి ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. ఆమె వద్దంటే మన సాయం ఆ పెళ్లికి కాక ఆమె చదువుకు వెళ్లాలి.

నాలుగోది. జనాజా దగ్గర మెహర్ మాఫ్ చేయించడం మన మహల్లాలో ఆగిపోవాలి. భర్త శవం ముందు కూర్చున్న మనిషి ఇచ్చే మాఫీ ఇష్టంతో ఇచ్చేది ఎలా అవుతుంది? కొడుకులున్నారు, ఆస్తి ఉంది. ముందు తల్లి బాకీ తీర్చండి, తర్వాత పంచుకోండి.

హిందూ, క్రైస్తవ సోదరులకు ఒక మనవి. మీ సంఘాలు, మీ చర్చిలు కూడా పెళ్లి సాయాలు చేస్తున్నాయి. మీ పుస్తకాల్లోనూ ఆ రెండు పేజీలు ఉంటాయని నాకు తెలుసు. ఏడాదికొకసారి మనం ముగ్గురం మన పుస్తకాలు పట్టుకుని ఒకచోట కూర్చుందాం. ఈ ఏడు ఎన్ని పెళ్లిళ్లు కట్నం లేకుండా చేయించగలిగామో ఒకరికొకరు చెప్పుకుందాం. నా దృష్టిలో మతాల మధ్య సంభాషణ అంటే అదే.

చివరగా ఒక మాట. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు జీతంలో కూడబెట్టి అమ్మకు గాజులు చేయించాను. రెండు తులాలకు డబ్బు చాలలేదు. ఒక తులమే అయింది. “అమ్మా, ఇవి నా కానుక కాదు, అబ్బా బాకీ” అని చేతిలో పెట్టాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వెనక వసారాలోకి వెళ్లి గోడ మీదుగా పిన్నిగారిని పిలిచింది. “పిన్నీ, బాకీ సగం తీరింది” అంది.

“మిగతా సగం ఎప్పుడు వదినా?” అంది పిన్నిగారు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ ప్రశ్న మాత్రం మన సంఘం లెక్కల పుస్తకంలో ఇంకా తెరిచే ఉంది. దాతలారా, వచ్చే ఏడు పుస్తకం మూసేముందు మనం కొంతైనా జమ రాయగలగాలని దువా చేయండి, దువాతో పాటు ఆ నాలుగు షరతులూ పెట్టండి.